బోర్లేసిన రాళ్ళు

కిందటి వారం ప్రేమమ్మను మొగుడి సమాధి మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆ ఎండలో, ఆ గడ్డపారల ముందు. మొరం తవ్వుకురమ్మని శంకరయ్య పటేలు పంపిన బండ్లు నాలుగు వరసగా నిలబడి ఉన్నాయి. పటేలు జీతగాడు కొండల్ గడ్డపార ఎత్తి పట్టుకున్నాడు. "నన్ను తవ్వినంకనే నా మొగుణ్ణి తవ్వు" అన్నది ఆమె. కొండల్ ఎత్తిన పార వెయ్యలేక, దించలేక కాసేపు అట్లాగే నిలబడి, చివరికి బండ్లు మళ్ళించుకుని పోయాడు. మూడు రోజులు ఆమె అక్కడినుంచి లేవలేదు. ఈలోగా గూడెం ఉపదేశి యోనా శంషాబాదు కచేరీకి పోయి దరఖాస్తు పెట్టాడు. మంగళవారం నాడు తానే వచ్చి జాగా చూస్తానని తహసీల్దారు మాట ఇచ్చాడు.

ఆ మంగళవారం రానే వచ్చింది.

మొర్రిగూడెం శంషాబాదుకు రెండు మైళ్ళు. గూడెంలో ఉన్నవాళ్ళంతా తాతల నాడే మిషనులో కలిసినవాళ్ళు. పోయినవాళ్ళను పూడ్చిపెట్టుకునేది పడమటి ఎర్రచెలకలో. అయితే ఆ చెలక పటేలు పట్టాలో ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. పోలీసు చర్య జరిగి ఏడు నెలలైంది. మిలిటరీ బండ్లు తిరిగి తిరిగి కర్నూలు రోడ్డు గుంతలు పడింది. దాన్ని బాగు చేయడానికి మొరం కావాల్సి వచ్చింది. మొరం తోలే పని శంకరయ్య పటేలుకు దక్కింది. ఆయనకు పదకొండు ఎకరాల ఎర్రమొరం చెలక ఉండనే ఉంది.

తన మొగుడు ఆనందాన్ని తవ్వి రోడ్డు మీద పోస్తారు. దిమ్మెసతో కొడతారు. దాని మీంచి లారీలు పోతాయి. మూడు రోజులుగా ప్రేమమ్మకు ఇదే మాట.

తహసీల్దారు బెజవాడ అవతలి నుంచి కొత్తగా వచ్చినవాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు, చేతిలో గొడుగు. పటేలు ఇంటినుంచి ఆయన కోసం కుర్చీ, కాగితాల కోసం నులకమంచం తెప్పించారు. గూడెం వాళ్ళు దూరంగా నేల మీద కూర్చున్నారు. ప్రేమమ్మ కూర్చోలేదు. ఆమె అత్త ఈరమ్మ మాత్రం కొంగు నెత్తిమీదికి లాక్కుని, అందరికన్నా వెనక, ముడుచుకుని కూర్చుంది. బాప్తిస్మం నాడు పెట్టిన పేరు మరియమ్మే గాని, ఊరు నోట ఆమె ఎప్పుడూ ఈరమ్మే.

పట్వారీ మంచం మీద నక్షా పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టి చదివాడు. సర్వే నంబరు నలభై ఒకటి. పదకొండు ఎకరాల మెట్ట. పట్టాదారు శంకరయ్య, తండ్రి సోమయ్య. ఖరాబు ఏమీ లేదు. ఖరాబు అంటే భూములు కొలిచి రాసే బందోబస్తులో సాగుకు పనికిరాదని వదిలిపెట్టిన జాగా. బండలైనా, వాగులైనా, సమాధులైనా దాని కిందే రాస్తారు. ఈ నంబరులో అట్లాంటిది గుంటెడు కూడా లేదన్నమాట.

తహసీల్దారు నక్షా మీంచి తల ఎత్తాడు.

"అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా వినండి."

ఆ 'వినండి' ఎవరినో అనుకుని ప్రేమమ్మ వెనక్కు తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. తననే.

"పట్టా ఎవరి పేరనైనా ఉండవచ్చు. పట్టా భూమిలో పాత శ్మశానం ఉంటే, దాని అంచు దగ్గర పట్టాదారు హక్కు ఆగిపోవాల్సిందే. దున్నడానికి వీల్లేదు, తవ్వడానికి వీల్లేదు, పూడ్చుకునేవాళ్ళను రావద్దనడానికీ వీల్లేదు. నేనే రాసి సంతకం పెడతాను. కానీ అది పాతదని తేలాలి. కాగితంలోనైనా ఉండాలి, నేల మీదైనా కనిపించాలి. కాగితంలో లేదు. నేల మీద ఏముందో చూపించండి."

ప్రేమమ్మ చూపించింది. ఆనందం మట్టికుప్ప, పక్కన కలరాలో పోయిన ఇద్దరివి, పురిట్లో పోయిన పిల్ల తల్లిది, యోనా తమ్ముడిది. అన్నీ కలిపి అయిదు. అయిదూ ఈ ఆరేడేళ్ళలోవే. అంతకు ముందరి మట్టికుప్పలు వానలకు కరిగి నేలలో కలిసిపోయాయి. కిందటి ఈస్టరు నాడు వెలిగించిన మైనం మరకలు ఇంకా పోలేదు. ఇవి కాక తాతల కాలంనాటివి బోలెడున్నాయని యోనా అన్నాడు. ఎక్కడున్నాయంటే చేతులు చాచి చెలకంతా చూపించాడు. చెలకలో ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు.

శంకరయ్య పటేలు నవ్వాడు. నలభై అయిదేళ్ళ మనిషి, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

"చూసిండ్రా దొరా. పోనీలే, దిక్కులేనోళ్ళని నేనే దయదల్సి ఐదుగురిని పెట్టుకోనిచ్చిన. గిప్పుడు పదకొండెకురాలు మాదేనంటున్నరు. గింతకన్న ఇంకేం జెయ్యాలె మేము? మా మేనత్త దుర్గవ్వ కాశికి పోయి ఆడనే కన్ను మూసింది. ఆమె పేరు మీద ఏటేటా ఎండకాలం గీ గూడెపోళ్ళకే అంబలి పోపిస్తున్నం. అడుగుండ్రి, తాగిండ్రో లేదో."

తాగారు. ప్రేమమ్మ కూడా తాగింది.

పటేలు అంతటితో ఊరుకోలేదు. చెప్పులు టకటకలాడించుకుంటూ చెలకలోకి దిగాడు. ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాడు. మళ్ళీ అడ్డంగా నడిచాడు. ఉత్తరపు గట్టున ఉన్న రేగుపొద దాకా పోయి, అక్కడినుంచి మళ్ళుకుని వచ్చాడు. "ఏడున్నయే సమాధులు? నా కాలికి ఒక్కటన్న తగుల్తలేదు" అంటూ మడమతో నేలను తన్నాడు.

గూడెం వాళ్ళంతా పటేలును చూస్తున్నారు. ప్రేమమ్మ మాత్రం ఎందుకో అత్త వైపు చూసింది. పటేలు ఒక్కో అడుగు వేస్తుంటే ఈరమ్మ పెదవి కొరుక్కుంటున్నది. కొన్ని అడుగులకు ఏమీ లేదు. కొన్ని అడుగులకు మాత్రం, వాతపెట్టినట్టు, భుజాలు ఉలిక్కిపడుతున్నాయి.

పదిహేడేళ్ళుగా చూస్తున్నది ఒకటి అప్పుడు ప్రేమమ్మ కళ్ళ ముందు కదిలింది. ప్రతి ఈస్టరుకూ తెల్లవారుజామున మైనంబత్తులు పట్టుకుని అందరూ చెలకకు వస్తారు. అందరూ తిన్నగా నడుస్తారు. ఈరమ్మ ఒక్కతే వంకరగా నడుస్తుంది. నాలుగు అడుగులు తిన్నగా, రెండు పక్కకు, మళ్ళీ ముందుకు, మళ్ళీ చుట్టు తిరిగి. అడ్డం ఏమీ ఉండదు. రాయి ఉండదు, ముల్లు ఉండదు. మోకాళ్ళ నొప్పులని ఆమె చెప్పేది. నిజమేననుకుని రెండు చలికాలాలు ప్రేమమ్మ ఆవనూనె కాచి మర్దన కూడా చేసింది.

ఇంకా ఒకటి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కింద ఆనందం పోయిన నాడు గొయ్యి తీస్తుంటే, ఈరమ్మ ఏడుపు ఆపి లేచి వచ్చి, అక్కడ కాదు ఇక్కడ అని మూడు బారలు జరిపించింది. కొడుకు పోయిన దుఃఖంలో ఏదో పట్టింపు అనుకున్నారు అందరూ.

ప్రేమమ్మ నేరుగా పోయి అత్త ముందు నిలబడింది.

"అత్తా, బాయికాడికి నీళ్ళకు పోయేటప్పుడు తిన్నగనే నడుస్తవు. మోకాళ్ళు ఈడికొస్తెనే నొస్తయా నీకు?"

ఈరమ్మ కొంగు ఇంకా ముందుకు లాక్కుంది.

"ఎవలెవలు ఏడేడున్నరో నీకు ఎరికే. చెప్పు."

పక్కనున్నవాళ్ళు, ముసలామెను పట్టుకుని ఏమిటా మాటలని ప్రేమమ్మను కసిరారు. ఆమె వినిపించుకోలేదు. అత్త రెక్క పట్టుకుని లేపి చెలక అంచున ఉన్న మొర్రి చెట్టు చాటుకు తీసుకుపోయింది. లాక్కుపోయిందన్నా తప్పులేదు. యోనా వెంట వచ్చాడు. అక్కడ, ఆ చెట్టుకు వీపు ఆనించి, ఈరమ్మ నలభై ఏళ్ళ మూట విప్పింది.

బందోబస్తు అయిన ఏడు. అమీను గొలుసు పట్టుకుని ఊరూరూ కొలుస్తూ వస్తున్నాడు. ఈరమ్మ అప్పటికి కాపురానికి వచ్చి ఏడాది, కడుపులో ఆనందం. అప్పుడు ఈ చెలకలో మనిషి నడుమెత్తు రాళ్ళు వరసలు వరసలుగా ఉండేవి. మిషను పంతులు చెక్కించినవి, పేర్లున్నవి. ఒకనాడు శంకరయ్య తండ్రి సోమయ్య పటేలు తానే గూడేనికి నడిచి వచ్చాడు. పటేలు గూడెంలో కాలు పెట్టడమే వింత. వచ్చి, మీ మేలు కోరి చెబుతున్నానన్నాడు. అమీను ఊళ్ళో తలలు లెక్క రాస్తాడట. ఎన్ని తలలుంటే గూడేనికి అంత వెట్టి పడుతుందట. సర్కారు మనిషి వచ్చినా పటేలింట్లో పెళ్ళయినా కూలీ లేకుండా చాకిరీ చేయాల్సింది తలకు ఒక వంతు. నిలబడ్డ రాయికి పేరుంటే అది కూడా ఒక తలే. చచ్చినవాళ్ళ వంతు వెట్టి కూడా బతికున్నవాళ్ళే చెయ్యాలి.

ఇంకే ఊరివాళ్ళయినా ఆ మాటకు నవ్వేవాళ్ళేమో. గూడెం వాళ్ళకు నవ్వు రాలేదు. పుట్టింది మొదలు వెట్టి చేసినవాళ్ళు, వెట్టి చేస్తూ చచ్చినవాళ్ళను పూడ్చుకున్నవాళ్ళు. చచ్చాక కూడా వదలరంటే నమ్మకుండా ఎట్లా ఉంటారు?

"బతికినన్ని దినాలు జేసిండ్రు. ఇప్పుడన్న పండుకోనియ్యరా అని మా అత్త ఏడ్సింది బిడ్డా" అన్నది ఈరమ్మ.

మొగవాళ్ళు రాళ్ళు పెకిలించారు. ఎవరి రాయిని వాళ్ళ తలకాడనే, పేరు కిందికి వచ్చేటట్టు బోర్లేసి, జానెడు మట్టి కప్పారు. ఆడవాళ్ళు పైన ఆముదాలు విత్తారు. అమీను వచ్చే నాటికి మోకాలెత్తు ఆముదం చేను. అతని గొలుసు ఆకుల మీంచి సరసరా పోయింది. పదకొండు ఎకరాల మెట్ట, ఖరాబు లేదు అని రాసుకుని పోయాడు. గూడెం ఆ పూట పండగ చేసుకుంది, చచ్చినవాళ్ళకు వెట్టి తప్పించామని.

ప్రేమమ్మ అత్త రెక్క వదిలేసింది.

"మూడు దినాలు ఎండల గూసున్న నేను. కుక్కను ఎల్లగొట్టినట్టు ఎల్లగొట్టనీకొచ్చిండ్రు. నువ్వు ఇంట్ల గట్క వండుకొని తిన్నవు. నోట్లెకెల్లి ఒక్క మాట రాలే నీకు."

"మా పెద్దోళ్ళు ఒట్టు ఏపిచ్చిండ్రమ్మా. ఒక్కొక్కరితోని ఏపిచ్చిండ్రు, అండ్ల నేనొక్కదాన్నే మిగిలిన. నాకు కడుపు మీద చెయ్యి పెట్టిచ్చిండ్రు. రాళ్ళ ముచ్చట బయటవెడితే కడుపుల పిల్లడు దక్కడని."

"దక్కిండా?"

ఈరమ్మ కళ్ళు మూసుకుంది.

"నాలుగేండ్లాయె గద పోయి. ఇగ ఎవలి కోసం దాస్తున్నవు? గాయనను తవ్వి రోడ్డు మీద వోస్తమంటుంటే గూడ ఒట్టు కావల్నా నీకు?"

యోనా అడ్డం వచ్చి, చాలు చెల్లే అన్నాడు. ఆ మాట అనవలసింది కాదని ప్రేమమ్మకూ తెలుసు. అన్నందుకు తర్వాత ఎన్ని రాత్రులు బాధపడిందో దేవుడికే తెలియాలి. కానీ కోపం అప్పుడు ఆమె చేతిలో లేదు. ఆ కోపంలోనే ఒక సందేహం కూడా ములుకులా గుచ్చుకుంది. వెట్టి చేయించుకునేవాడే నడిచి వచ్చి వెట్టి తప్పించుకోమని చెబుతాడా? వాడికేం ఒరిగింది? అదే అడిగింది. ఈరమ్మ ఒకసారి చెలక వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "పాండి" అని తానే ముందు నడిచింది.

యోనా పోయి తహసీల్దారుకు సంగతంతా చెప్పాడు. పటేలు ముఖంలో నవ్వు సగం తగ్గింది. తన భూమిలో తన మాట లేకుండా గడ్డపార దిగడానికి వీల్లేదన్నాడు. తహసీల్దారు కళ్ళజోడు తుడుచుకుంటూ, శనివారం నాడు నాలుగు బండ్ల గడ్డపారలు మీరే పంపారు కదా పటేలుగారూ, ఒక్కటి మంగళవారం నాడు దిగితే ఏం పోయింది అన్నాడు. గూడెం వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

సమాధి తెరవడం పాపం కాదా అని కొందరు గొణిగారు. మనిషి దాకా పోవద్దు, జానెడు లోతులో రాయే ఉంది అని ఈరమ్మ చెప్పింది. చెప్పి, చెప్పులు లేని కాళ్ళతో చెలకలోకి దిగింది. అదే వంకర నడక. నాలుగు అడుగులు తిన్నగా, రెండు పక్కకు. ఈసారి ఎవరికీ అది మోకాళ్ళ నొప్పిగా కనిపించలేదు. కచేరీ నక్షాలో లేని వరసలన్నీ ఆ ముసలి కాళ్ళలో ఉన్నాయి. మొర్రి చెట్టుకు దగ్గరగా ఒక చోట ఆగి, బొటనవేలితో నేల మీద గీత గీసింది.

పటేలు వెంట గడ్డపారతో వచ్చిన కొండల్‌కు తవ్వమని తహసీల్దారు సైగ చేశాడు. కొండల్ పటేలు వైపు చూశాడు. పటేలు అతని వైపు చూసిన చూపు అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది. కొండల్‌కు ఆ ఇంట్లో ఇంకా జీతం ఉంది, పిల్లలున్నారు. ప్రేమమ్మ పోయి అతని చేతిలోంచి గడ్డపార లాక్కుంది. లాక్కుందని అందరూ అనుకున్నారు. అతను వేళ్ళు వదులు చేసిన సంగతి ఆమెకు మాత్రమే తెలుసు.

ఎండి గట్టిపడ్డ మొరం. మొదటి పోటుకు చిప్పంత లేచింది. రెండో పోటు సోమయ్య పటేలు మీద వేసింది, మూడోది శంకరయ్య మీద, నాలుగోది ఎవరి మీదో ఆమెకే తెలియదు. అంబలి మీద కావచ్చు, ఒట్టు మీద కావచ్చు, నలభై ఏళ్ళు నోరు మూసుకుని వంకరగా నడిచిన కాళ్ళ మీద కావచ్చు. ఏడో పోటుకు కింద ఖంగుమన్నది.

మట్టి చేతులతో తోడింది. మొర్రి చెట్టు వేరు ఒకటి, మణికట్టంత లావు, రాయి మీద అడ్డంగా పాకి ఉంది. దాన్ని నరికి, నలుగురు పట్టి రాయిని తిప్పారు. అడుగున తడి మట్టి, ముడుచుకున్న జెర్రి. ప్రేమమ్మ కొంగుతో తుడిచింది. యోనా మోకాళ్ళ మీద వంగి అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ప్రభువునందు నిద్రించిన యాకోబు. పద్దెనిమిది వందల తొంభై ఒకటి."

చదివి, ఆ పేరు మీద అరచెయ్యి ఆనించాడు. యాకోబు అతని తాత. ఎక్కడున్నాడో తెలియక ఇన్నేళ్ళూ ప్రతి ఈస్టరుకు గట్టు మీద ఎక్కడో ఒక చోట బత్తి పెట్టి వచ్చేవాడు.

తహసీల్దారు గొడుగు ముడిచాడు. బూట్లు విప్పి, చెలక బయట పెట్టి వచ్చి, రాయి పక్కన నిలబడ్డాడు.

"రాత్రికి రాత్రే తెచ్చి పూడ్చిండ్రు" అన్నాడు శంకరయ్య పటేలు.

"ఈ వేరును కూడా రాత్రే తెచ్చారంటారా?"

పంచనామా రాయమని తహసీల్దారు చెప్పాడు. విచారణ ముగిసి హుకుం వెలువడేదాకా ఈ చెలకలో ఎవరూ పార వెయ్యకూడదు, బండి దింపకూడదు. వేస్తే పట్టాదారే జవాబుదారీ. పట్వారీ కలం కరకరలాడింది. గూడెం ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు. ప్రేమమ్మకు ఏడుపు రాలేదు. ఆమె ఆనందం మట్టికుప్ప దగ్గరికి పోయి, గడ్డపార దాని పక్కన ఆనించి, అక్కడే నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఇవాళ్టికి అతన్ని ఎవరూ లేపరు.

"అన్ని రాళ్ళూ లెక్క రాయాలి. మొత్తం ఎన్ని ఉంటాయవ్వా?" అని తహసీల్దారు అడిగాడు.

"నలభై రెండు దొరా" అన్నది ఈరమ్మ. వేలు ఒకటి మడిచి, మళ్ళీ అన్నది. "మాయి నలభై ఒకటి."

"మరి ఇంకొకటి ఎవరిది?"

ఈరమ్మ కోడలి వైపు చూసింది. ఇందాక చెట్టు చాటున అడిగిన మాటకు ఇప్పుడు జవాబు చెబుతున్నట్టు చూసింది.

"పటేలింటిది. దుర్గవ్వ. కాశికి పోయిందంటరు గద, పోలే. మా మిషన్ల కలిసింది. ఈ చెలక ఆమెకు తల్లి తరపుకెల్లి వచ్చింది. మాకిచ్చినట్టు ఆమె రాయి మీదనే చెక్కిచ్చిండ్రు. సోమయ్య పటేలుకు దాచవలసింది మా వెట్టి గాదు దొరా, గా ఒక్క రాయి."

అబద్ధమని పటేలు అరుస్తాడని అందరూ ఎదురుచూశారు. ఆయన అరవలేదు. పొద్దుటినుంచి చెలకంతా తొక్కి తిరిగిన మనిషి, పెద్దపెద్ద అంగలు వేసుకుంటూ ఉత్తరపు గట్టు వైపు పోయాడు. పొద్దున ఏ రేగుపొద దగ్గరికి పోయి మళ్ళుకున్నాడో అక్కడికే పోయాడు. పొద పక్కన చదునుగా ఉన్న నేల మీద రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, కొయ్య పాతినట్టు నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ప్రేమమ్మ గడ్డపార మళ్ళీ చేతికి తీసుకుంది.

ఈరమ్మ పటేలు వైపు వంకరవంకరగా నడుస్తూ పోయి, నాలుగు బారల దూరంలో ఆగింది.

"ఆడనే అని నీకెట్ల ఎరికాయె పటేలా? నేనింక చూపియ్యనే లేదు గద."